ఫీజు ఒక్కటే అడ్డు కాదు: రోమా విద్యార్థులూ మానవ హక్కుల చదువూ

మా మేనకోడలు పబ్లిక్ పాలసీ చదవడానికి జర్మనీ వెళ్ళేముందు సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. రూమ్ అద్దె ఎంత, కందిపప్పు ఏ షాపులో దొరుకుతుంది లాంటి సలహాల మధ్య ఒక లైను: "ట్రామ్‌లో జిప్సీలుంటారు, పర్సు జాగ్రత్త." "జిప్సీలంటే ఎవరు మామయ్యా?" అని అడిగింది. "అక్కడి సంచార జాతివాళ్ళు, ఎప్పుడో మన దేశం నుంచే వెళ్ళారంటారు" అని చెప్పి ఊరుకున్నాను. ఏడాది తిరిగాక తనే ఫోన్ చేసింది. క్లాసులో రోజూ పక్కన కూర్చుని నోట్స్ పంచుకునే స్లొవేకియా అమ్మాయి రోమా అట. అంటే మెసేజ్‌లో రాసిన ఆ 'జిప్సీ'. ఆ అమ్మాయి చదువుకు డబ్బు వస్తున్నదే రోమా విద్యార్థుల కోసం పెట్టిన స్కాలర్‌షిప్ నుంచి. దరఖాస్తులో "నేను రోమాని" అని రాసి సంతకం పెట్టింది. క్లాసులో మాత్రం రెండు సెమిస్టర్లు ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట కాగితం మీద రాస్తేనే ఆమెకు చదువు. అదే మాట నలుగురిలో అంటే ఏమవుతుందోనని టెన్షన్. రోమా విద్యార్థులకు మానవ హక్కుల చదువులో ఇచ్చే స్కాలర్‌షిప్‌లు, ఇంటర్న్‌షిప్‌ల గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ ఫోన్ తర్వాతే. పైకి చూస్తే ఇది ఫీజుల వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే ఫీజు అందులో చిన్న ముక్క.

ముందు నేను మేనకోడలికి చెప్పిన జవాబును సరిదిద్దుకోవాలి. యూరప్ మొత్తం మీద రోమాలు కోటి నుంచి కోటీ ఇరవై లక్షల మంది ఉంటారని అంచనా. అందులో దాదాపు 60 లక్షల మంది యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్నారు. వీళ్ళలో చాలామంది సంచారులు కారు. రుమేనియా, బల్గేరియా, స్లొవేకియా, హంగరీ ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడి ఉన్నవాళ్ళే. జర్మనీలో సింతీ అనీ, స్పెయిన్‌లో కాలే అనీ, ఫ్రాన్స్‌లో మానూష్ అనీ వేర్వేరు పేర్లున్నాయి. 'జిప్సీ' బయటివాళ్ళు పెట్టిన పేరు. వీళ్ళు ఈజిప్టు నుంచి వచ్చారనే పొరపాటు నుంచి పుట్టింది. జర్మన్‌లో వాడిన 'త్సిగొయ్నర్' మాట మూలం ఇంకా బాధ కలిగిస్తుంది. అది గ్రీకులో 'ముట్టుకోనివాళ్ళు' అనే అర్థమున్న ఒక పాత మత శాఖ పేరు నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. అంటు అనే మాట ఎంత బరువైనదో తెలుగు పాఠకులకు విడిగా చెప్పనక్కర్లేదు.

మన దేశంతో చుట్టరికం మాత్రం నిజం. రోమానీ భాష మన ఉత్తరాది భాషల కుటుంబానికి చెందినదని 1782లోనే రూడిగర్ అనే జర్మన్ పండితుడు పోల్చి చూపించాడు. నీళ్ళను వాళ్ళు 'పానీ' అంటారు. ముక్కు 'నఖ్', చెవి 'కాన్', పది 'దెశ్'. 2012లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక జన్యు అధ్యయనం, రోమా మగవాళ్ళ వంశ రేఖకు వాయవ్య భారతంలోని షెడ్యూల్డ్ కులాలు, తెగల జనాభాతో దగ్గరి పోలిక ఉందని తేల్చింది. "రోమాలంటే యూరప్ లంబాడీలే" అని మన దగ్గర తరచూ వినిపిస్తుంది. అంత సూటిగా చెప్పేయలేం. రోమాల పూర్వీకులు ఇక్కడి నుంచి కదిలి వెయ్యేళ్ళు దాటింది. లంబాడీ, రోమానీ దగ్గరి భాషలే కానీ ఒకటి కాదు. చుట్టరికం నిజం కావడానికి దాన్ని పెంచి చెప్పనవసరం లేదు.

ఇక అసలు విషయం. ఇంజనీరింగ్ కాదు, వైద్యం కాదు, ప్రత్యేకంగా మానవ హక్కుల చదువు మీద ఈ పట్టుదల ఎందుకు? డాక్టరు చదువుకూ రోమా విద్యార్థులకు విడిగా స్కాలర్‌షిప్‌లు నడిచాయి, అవీ అవసరమే. అయినా న్యాయం, హక్కుల వైపు ఎందుకంత మొగ్గు అన్నది ఒక ఊరి స్కూళ్ళ లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఆ ఊరు ఒస్త్రావా. చెక్ దేశంలో ఒకప్పటి బొగ్గు గనుల పట్టణం. 1990ల చివర్లో అక్కడ మామూలు ప్రాథమిక పాఠశాలలతో పాటు 'ప్రత్యేక పాఠశాలలు' అనేవి ఉండేవి. చట్టం ప్రకారం అవి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు. పిల్లవాడికి ఒక మానసిక పరీక్ష పెడతారు, తల్లిదండ్రుల చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టిస్తారు, ఆ బడికి పంపేస్తారు. అక్కడ సిలబస్ తేలిక. అది చదివి బయటపడ్డ పిల్లవాడికి చేతిపని నేర్పే కోర్సులు తప్ప యూనివర్సిటీ వైపు వెళ్ళే దారి దాదాపు మూసుకుపోతుంది.

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో 1996లో మొదలైన యూరోపియన్ రోమా రైట్స్ సెంటర్ 1999లో ఈ ఊరి మీద ఒక పని చేసింది. 8 ప్రత్యేక పాఠశాలలు, 69 ప్రాథమిక పాఠశాలల హెడ్మాస్టర్ల దగ్గర ప్రశ్నపత్రాలతో లెక్కలు తీశారు. ఊరి ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో రోమాలు 2.26 శాతం. ప్రత్యేక పాఠశాలల్లో 56 శాతం. ఇంకోలా చూస్తే, రోమా కాని పిల్లల్లో ప్రత్యేక బడికి వెళ్ళింది 1.8 శాతం, రోమా పిల్లల్లో 50.3 శాతం. అంటే సగం మంది. ఒక ఊళ్ళో ఒక జాతి పిల్లల్లో సగం మందికి బుద్ధిమాంద్యం ఉంటుందా? ఆ పరీక్షలు చెక్ భాషలో, చెక్ ఇళ్ళలో పెరిగే పిల్లల అలవాట్లను బట్టి తయారైనవి. పరీక్ష అందరికీ ఒకటే, ఫలితం మాత్రం ఒకే జాతి మీద పడింది.

18 మంది పిల్లల తరఫున కేసు వేశారు. చెక్ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 2000లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 2006లో అక్కడి చిన్న ధర్మాసనంలోనూ ఓడిపోయారు. 2007 నవంబర్ 13న 17 మంది జడ్జీల పెద్ద ధర్మాసనం 13-4 తేడాతో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. చట్టంలో ఎక్కడా 'రోమా' అనే మాట లేకపోయినా, దాని ఫలితం ఒక జాతి మీదే విరుచుకుపడితే అది పరోక్ష వివక్షేనని, దాన్ని అంకెలతో నిరూపించవచ్చని ఒప్పుకుంది. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అన్న వాదనను కూడా పక్కన పెట్టింది. వివక్షకు గురికాకుండా ఉండే హక్కును సంతకంతో వదులుకోవడం కుదరదని చెప్పింది. ఒక్కో విద్యార్థికి 4,000 యూరోల పరిహారం. డి.హెచ్. కేసు అని పిలిచే ఈ తీర్పు యూరప్ సమానత్వ చట్టంలో మైలురాయి.

ఈ కథలో నేను ఆగి చూసింది రెండు చోట్ల. గెలిపించింది ఉపన్యాసాలు కాదు, హెడ్మాస్టర్ల దగ్గర నుంచి ఓపికగా రాబట్టిన అంకెలు. ఇలాంటి వివరాలు సేకరించి, సరిచూసి, పట్టికల్లోకి ఎక్కించే పని హక్కుల సంస్థల్లో చాలావరకు ఇంటర్న్‌లు, చిన్న ఉద్యోగుల చేతుల మీదే నడుస్తుంది. రెండోది, స్ట్రాస్‌బర్గ్‌లో ఆ పిల్లల తరఫున ముందు నిలబడ్డ లాయర్లలో బ్రిటన్‌కు చెందిన లార్డ్ లెస్టర్, అమెరికాకు చెందిన జేమ్స్ గోల్డ్‌స్టన్ లాంటి వాళ్ళు ఉన్నారు. గొప్ప పని చేశారు, ఆ పిల్లలు వాళ్ళకు రుణపడి ఉంటారు. కానీ ఒక జాతి తన బాధను ఎప్పుడూ వేరేవాళ్ళ నోటి నుంచే వినిపించుకోవాల్సి రావడం ఎన్నాళ్ళు? రోమా లాయర్లు ఎందుకు లేరంటే, రోమా పిల్లల్ని ఆ ప్రత్యేక బడులకు పంపారు కాబట్టి. కేసు దేని గురించో, వాదించడానికి మనుషులు దొరకకపోవడానికి కారణమూ అదే.

ఇంకో కేసు ఒక్క వాక్యంలో చెప్తాను. 2000లో స్లొవేకియాలో ఒక రోమా యువతికి సిజేరియన్ చేస్తూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు, నొప్పుల మధ్య కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఆమె వైద్య రికార్డులో 'రోగి రోమా జాతికి చెందినది' అని రాసి ఉంది. 2011లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఇలాంటి సంగతి ఒక స్త్రీ నోరు తెరిచి చెప్పాలంటే ఎదుట కూర్చున్న మనిషి తన భాష మాట్లాడే మనిషి, వీలైతే స్త్రీ కావాలి. ఏ విదేశీ నిపుణుడూ ఆ పని చేయలేడు.

స్కాలర్‌షిప్‌ల చరిత్ర ఇక్కడ మొదలవుతుంది. రోమా రైట్స్ సెంటర్ తొలి రోజుల నుంచే న్యాయశాస్త్రం చదివే రోమా విద్యార్థులకు చేయూతనిచ్చి, ఇంటర్న్‌లను తన ఆఫీసులోకి తీసుకుంది. 2005లో మధ్య, తూర్పు యూరప్ ప్రభుత్వాలు కలిసి 'రోమాల దశాబ్దం' ప్రకటించాయి. దానితో పాటే బుడాపెస్ట్ కేంద్రంగా రోమా ఎడ్యుకేషన్ ఫండ్ పుట్టింది. ప్రపంచ బ్యాంకు, జార్జ్ సోరోస్ స్థాపించిన ఓపెన్ సొసైటీ సంస్థ దానికి పునాది వేశాయి. యూనివర్సిటీలో చదివే రోమా విద్యార్థులకు సాయం, న్యాయశాస్త్రం, మానవీయ శాస్త్రాలకు విడిగా ఒక పథకం, వైద్య విద్యకు ఒకటి, సొంత దేశం దాటి చదివేవాళ్ళకు ఒకటి, ఇలా నడిపింది. ఏటా వందల మందికి అందింది.

మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివినవాళ్ళకు ఇది తెలిసిన లోకమే అనిపిస్తుంది. ఒక తేడా ఉంది. మన దగ్గర అది ప్రభుత్వ పథకం, ఆలస్యమైతే ధర్నా చేయొచ్చు, కోర్టుకెళ్ళొచ్చు. అక్కడ చాలావరకు అది దాతల డబ్బు. దాత మనసు మారితే అడిగే చోటు లేదు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న: రోమా అని ఎవరు తేలుస్తారు? మన దగ్గర తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువపత్రం ఉంది. యూరప్‌లో చాలా దేశాలు జాతిని అలా నమోదు చేయవు. కాబట్టి ఎక్కువ స్కాలర్‌షిప్‌లు 'స్వయంగా ప్రకటించుకోవడం' మీద ఆధారపడతాయి. నువ్వు రోమానని నువ్వే రాసివ్వాలి. చాలాచోట్ల దానితో పాటు మీ సమాజంలో నువ్వు ఏం పని చేశావో చూపించాలి: పిల్లలకు ట్యూషన్ చెప్పడమో, స్థానిక సంఘంలో తిరగడమో. రుమేనియాది వేరే పద్ధతి. అక్కడ 1990ల తొలి సంవత్సరాల్లో బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ కోర్సులో రోమాలకు కొన్ని సీట్లు కేటాయించడంతో మొదలై, తర్వాత దేశమంతటా యూనివర్సిటీలకు విస్తరించింది. ఆ సీటు కోసం ఒక రోమా సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి. సంఘం నాయకుడి దయ మీద ఆధారపడటం, తెలియనివాళ్ళకు ఆ ఉత్తరం దొరకకపోవడం, బోగస్ ఉత్తరాల అనుమానం, ఇవన్నీ మనకు కొత్త కథలేం కావు.

రోమాలు తమ పేరు జాబితాలో ఎక్కించడానికి భయపడేది సిగ్గుతో కాదు. ఆ జాబితాలకు ఒక చరిత్ర ఉంది. నాజీ జర్మనీలో 1936 నుంచి రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడి బృందం ఊరూరా తిరిగి రోమా, సింతీ కుటుంబాల వంశవృక్షాలు గీసి, కొలతలు తీసి, వేలమంది పేర్లు రాసుకుంది. తర్వాత మనుషుల్ని క్యాంపులకు తరలించడానికి ఆ కాగితాలే పనికొచ్చాయి. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్స్-బిర్కెనావ్‌లో మిగిలి ఉన్న వేలమంది రోమాలను, ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళను గ్యాస్ గదుల్లో చంపేశారు. ఇదంతా పాత కాలం సంగతి అనుకుంటే, 2013లో స్వీడన్‌లో దక్షిణ ప్రాంత పోలీసుల కంప్యూటర్లలో 4,000 మందికి పైగా రోమాల పేర్లతో ఒక రిజిస్టర్ బయటపడింది. అందులో పసిపిల్లల పేర్లూ ఉన్నాయి. నేరం ఏమిటి అంటే, ఆ కుటుంబంలో పుట్టడం. స్టూవర్టుపురం అనే పేరు వింటే మన దగ్గర పెద్దవాళ్ళకు గుర్తొచ్చే సంగతి ఇదే కదా: పుట్టుకనే నేరంగా రాసుకున్న చట్టం, ఆ రాత చెరిగాక కూడా పోని చూపు.

కాబట్టి ఫారంలో 'రోమా' అన్న గడిలో టిక్ పెట్టడం ఆ విద్యార్థికి చిన్న పని కాదు. మా మేనకోడలి స్నేహితురాలి వాళ్ళమ్మ, "ఆ కాగితం ఎక్కడికెళ్తుందో నీకు తెలుసా?" అని అడిగిందట. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా రోమా విద్యార్థులు స్కాలర్‌షిప్‌లకు ముందుకు రావడం లేదని విసుక్కోవడం అన్యాయం. మంచి సంస్థలు ఆ వివరాన్ని ఎంపిక కమిటీ దాటి బయటికి పోనివ్వవు, ఫొటోలు, విజయగాథలు వేసుకునేముందు అడుగుతాయి. అడగనివీ ఉంటాయి.

రెండో చిక్కు స్కాలర్‌షిప్ అందుకునే వయసు దాకా వచ్చేవాళ్ళ సంఖ్య. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 2021లో చేసిన సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ రోమా యువతలో ఇంటర్ స్థాయి చదువు పూర్తి చేసినవాళ్ళు 27 శాతమే అని తేలింది. మొత్తం యూనియన్‌లో ఆ సంఖ్య 84 శాతం. అయిదుగురు రోమాల్లో నలుగురు పేదరికం అంచున ఉన్నారు. ఇంటర్ కూడా దాటనివాళ్ళకు ఎమ్మే స్కాలర్‌షిప్ ప్రకటన ఒక పోస్టర్ మాత్రమే.

డిగ్రీ దాకా వచ్చినవాళ్ళకూ ఇంకో గోడ ఉంది, ఇంగ్లీషు. మానవ హక్కుల చదువు, పని రెండూ ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో నడుస్తాయి. సొంత దేశంలో సొంత భాషలో మంచి మార్కులతో పాసైన విద్యార్థి కూడా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర ఆగిపోతాడు. తెలుగు మీడియంలో చదివి వీసా ఇంటర్వ్యూ ముందు చెమటలు పట్టినవాళ్ళకు ఈ బాధ తెలుసు. దీనికి నాకు తెలిసినంతలో అందరికన్నా తెలివైన మందు కనిపెట్టింది అప్పట్లో బుడాపెస్ట్‌లో ఉన్న సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ. 2004 నుంచి అక్కడ డిగ్రీ పూర్తయిన రోమా యువతకు సుమారు ఒక విద్యా సంవత్సరం పాటు ఒక సన్నాహక కోర్సు నడిపారు. ఇంగ్లీషు రాయడం, సబ్జెక్టులో ట్యూషన్, పక్కనే ఒక మెంటర్, ఉండటానికి చోటు, చేతి ఖర్చుకు స్టైపెండ్. ఆ ఏడాది అయ్యాక ఎక్కడైనా పీజీకి పోటీ పడొచ్చు. అంటే సీటు ఇచ్చి వదిలేయకుండా, సీటుకూ విద్యార్థికీ మధ్య ఉన్న ఆ ఒక్క ఏడాదికి డబ్బు పెట్టారు. నా లెక్కలో పది స్కాలర్‌షిప్‌లకన్నా ఇలాంటి ఏడాది ఒకటి ఎక్కువ పనికొస్తుంది.

ఆ యూనివర్సిటీకి ఏమైందో కూడా చెప్పాలి. 2017లో హంగరీ ప్రభుత్వం తెచ్చిన చట్టం వల్ల బుడాపెస్ట్‌లో అమెరికన్ డిగ్రీలు ఇవ్వలేక, 2019లో వియన్నాకు తరలిపోయింది. ఆ చట్టం చెల్లదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020లో తీర్పు చెప్పేసరికి యూనివర్సిటీ సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. హంగరీలో రోమా అమ్మాయికి నిన్నటిదాకా బస్సెక్కితే చేరే చోటు ఇప్పుడు సరిహద్దు దాటాల్సిన చోటయింది.

చదువు అయ్యాక ఇంటర్న్‌షిప్. హక్కుల రంగంలో ఇది అసలు ద్వారం. ఉద్యోగ ప్రకటనలన్నీ 'సంబంధిత అనుభవం' అడుగుతాయి. ఆ అనుభవం దొరికేది ఇంటర్న్‌గానే. ఇంటర్న్ ఏం చేస్తాడు? పొద్దున ఒక ఊరి ఇళ్ళు ఖాళీ చేయించిన నోటీసులను వరసగా పెట్టి తేదీల పట్టిక చేస్తాడు. మధ్యాహ్నం ఒక తల్లి ఫోన్‌లో చెప్పిన మాటల్ని రోమానీ నుంచి ఇంగ్లీషులోకి తిప్పి, ఆమె అన్నది ఒక్క ముక్క పోకుండా రాస్తాడు. ఐక్యరాజ్యసమితి కమిటీల ముందు ప్రభుత్వం ఇచ్చే నివేదికకు పోటీగా సంఘాలు ఇచ్చే ప్రత్యామ్నాయ నివేదికకు అడుగున ఆధారాలు వెతుకుతాడు. ఎవరూ చప్పట్లు కొట్టే పని కాదు. అయినా ఏ సంగతి ఫైల్లోకి ఎక్కాలి, ఏది వదిలేయాలి అనే మొదటి నిర్ణయం అక్కడే జరుగుతుంది. ఆ కుర్చీలో రోమా యువతి కూర్చుంటే ఫైలు మారుతుంది. "తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదు" అని స్కూలు రాసిన వాక్యం దగ్గర వేరేవాళ్ళు ముందుకు సాగిపోతారు. ఆమె ఆగి, బస్సు ఆ పేట దాకా వస్తుందా అని అడుగుతుంది.

ఆ కుర్చీకి ఎవరు చేరగలరు అన్నదే ప్రశ్న. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌లకు జీతం లేదు. జెనీవాలో ఇల్లు, తిండి, బీమా అన్నీ సొంత ఖర్చు. జెనీవా అద్దెలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఉంటాయి. ఇంటి నుంచి డబ్బు పంపగలిగిన కుటుంబాల పిల్లలే పేదల హక్కుల గురించి అక్కడ పని నేర్చుకుంటారు. స్టైపెండ్ ఇచ్చే చోట కూడా లెక్క అంత తేలిక కాదు. స్టైపెండ్ నెల చివర్న వస్తుంది, ఇంటి ఓనరు అద్దె, డిపాజిట్ నెల మొదట్లో అడుగుతాడు. రోమా ముఖం, రోమా ఇంటిపేరు చూసి "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం" అనే ఓనర్లు వేరే.

ఈ ఖాళీని పూడ్చిన పథకాల్లో ఒకదాన్ని విడిగా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2005 నుంచి మైనారిటీల ఫెలోషిప్ నడుపుతోంది. జాతి, మత, భాషా మైనారిటీలకు చెందిన హక్కుల కార్యకర్తలను జెనీవాకు పిలిచి, కొన్ని వారాల పాటు కమిటీలు, ఫిర్యాదుల పద్ధతులు చేయి పట్టుకుని నేర్పుతారు. ప్రయాణం, బస, బీమా వాళ్ళే పెట్టుకుంటారు. తిరిగి వెళ్ళాక నేర్చుకున్నది సొంత సమాజంలో పంచాలన్నది దాని ఉద్దేశం. పోలండ్ రాజధాని వార్సాలో యూరప్ భద్రతా సహకార సంస్థకు రోమా, సింతీ వ్యవహారాలకు 1994 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్‌లో ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి, అయిదు నెలల ట్రైనీషిప్ మొదలవుతుంది. దానికి స్టైపెండ్ ఉంటుంది, ఎవరైనా పోటీ పడొచ్చు. రోమా విద్యార్థులకు అక్కడ కావలసింది సీటు కన్నా ముందు, దరఖాస్తు గడువు ఎప్పుడో చెప్పి, ఫారం ఒకసారి చదివి దిద్దే పెద్ద దిక్కు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్లలకు ఆ పెద్ద దిక్కు ఎక్కడిది?

ఇదంతా ఫలించిందా అంటే, ఫలించింది. రుమేనియా రోమా సామాజికవేత్త నికొలాయె గెయోర్గె వార్సాలోని ఆ విభాగానికి సలహాదారుగా పనిచేశాడు. రోమా రైట్స్ సెంటర్‌కు తర్వాతి కాలంలో దెజిదెరియు గెర్గెలీ, జార్జె యొవనోవిచ్ లాంటి రోమాలే సారథులయ్యారు. రుమేనియాలో హక్కుల సంస్థ నడిపిన మార్గరెతా మతాకె తర్వాత హార్వర్డ్‌లో రోమాల మీద పరిశోధన, బోధన చేపట్టింది. 2004లో హంగరీ నుంచి యూరోపియన్ పార్లమెంటుకు వెళ్ళిన లివియా యారోకా సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీలో చదివిన రోమా మహిళే. ఒక తరం వెనక్కి వెళ్తే ఈ కుర్చీల్లో రోమాలు చాలా అరుదు.

దీని మీద విమర్శలూ ఉన్నాయి, వాటిలో నిజమూ ఉంది. చదువుకున్నవాళ్ళు బ్రసెల్స్‌లో, బుడాపెస్ట్‌లో ఉండిపోతే పేటలో లాయరు ఎవరు? రోమా పట్టభద్రులకు రోమా ప్రాజెక్టుల్లోనే పని దొరికి, బడ్జెట్, పన్నులు, పోలీసు సంస్కరణలు లాంటి పెద్ద గదుల్లోకి పిలుపు రాకపోతే అది ఇంకో రకం ప్రత్యేక బడి కాదా? ఈ రెండో మాట నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఎస్సీ, ఎస్టీ అధికారుల్ని సంక్షేమ శాఖకే పరిమితం చేసే అలవాటును చూసినవాళ్ళం మనం. తప్పు స్కాలర్‌షిప్‌ది కాదు, తలుపు తీశాక ఒక్క గదే చూపించేవాళ్ళది.

డబ్బు సంగతి మళ్ళీ చెప్పక తప్పదు. రోమాల దశాబ్దం 2015తో ముగిసింది. యూరోపియన్ యూనియన్ 2020లో 2030 దాకా కొత్త వ్యూహం ప్రకటించింది, అమలు సభ్య దేశాల చేతుల్లో ఉంది. ఓపెన్ సొసైటీ సంస్థ 2023లో యూరోపియన్ యూనియన్ లోపల తన పనిని బాగా తగ్గించుకుంటానని చెప్పింది. ఒక్క దాత చెయ్యి మీద ఇంత పెద్ద చదువుల బండి నడవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. మరోవైపు ఒస్త్రావా తీర్పు వచ్చి ఏళ్ళు గడిచాక, 2014లో చెక్ మీద, 2015లో స్లొవేకియా మీద, 2016లో హంగరీ మీద యూరోపియన్ కమిషన్ రోమా పిల్లల్ని వేరు చేసి చదివిస్తున్నందుకు చర్యలు మొదలుపెట్టాల్సి వచ్చింది. కోర్టులో గెలిచిన అంకె క్లాసురూములోకి రావడానికి అంత కాలం పడుతుంది.

ఒక మనిషికి సరైన సమయంలో అందిన స్కాలర్‌షిప్ ఏం చేయగలదో తెలుసుకోవడానికి మనం యూరప్ దాకా వెళ్ళనక్కర్లేదు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. గడువు అయిపోవడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి వెనక్కి రావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే, ఆ ఊళ్ళో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉన్నాడు, తెలిసిపోయి కర్రలతో వచ్చి గెంటేశారు. చదువుకు డబ్బు దొరికింది, తలదాచుకోవడానికి పేరు దాచుకోవాల్సి వచ్చింది. జర్మనీలో క్లాసులో ఎవరికీ చెప్పకుండా రెండు సెమిస్టర్లు గడిపిన ఆ అమ్మాయి గురించి విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ సత్రం గదే.

ఈ పోలిక నేను లాక్కొచ్చి అతికించింది కాదు. హంగరీ ఈశాన్యంలో, మూతపడ్డ గనుల మధ్య షాయోకజా అనే ఊరుంది. అక్కడి రోమాల మధ్య పనిచేసే టీచరు యానోష్ ఓర్షోష్, సామాజికవేత్త తిబోర్ దెర్దాక్ అంబేద్కర్ గురించి చదివి, మహారాష్ట్ర వచ్చి అక్కడి బౌద్ధ దళితుల్ని కలిసి, తిరిగి వెళ్ళి 2007లో ఒక హైస్కూలు పెట్టారు. దాని పేరు డాక్టర్ అంబేద్కర్ స్కూల్. వాళ్ళ సంస్థ పేరు జై భీమ్. మామూలు బడుల్లో నెగ్గుకురాలేక, లేదా నెగ్గనివ్వక బయటపడ్డ రోమా యువతను మళ్ళీ బెంచీల మీద కూర్చోబెట్టి, స్కూలు చివరి పరీక్షకు తయారుచేయడం అక్కడి పని. కొందరు ఇరవై దాటాక వచ్చి కూర్చుంటారు. ఆ పరీక్ష పాసైన రోజునే, యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఫారంలో మొదటి గడి నింపడానికి వాళ్ళకు వీలవుతుంది.